ఎముకతో చెలిమి చేసిన గాజు

పిల్లలూ! మీ పాలపన్ను ఊడినప్పుడు దాన్ని ఇంటికప్పు మీదికి విసిరి, కొత్త పన్ను కోసం ఎదురుచూసి వుంటారు. అది వచ్చే వుంటుంది. కాని పెద్దవాళ్ళ పన్ను ఊడితే మళ్ళీ రాదు. అంతటితో పోదు. ఆ పన్నును పట్టుకుని వున్న దవడ ఎముక కూడా క్రమంగా కరిగిపోతుంది. పన్ను తీసివేసిన ఏడాదిలో ఆ చోట ఎముక వెడల్పు సుమారు సగానికి తగ్గిపోవచ్చు. బోసినోటి తాతల బుగ్గలు పీక్కుపోవటానికి ఇది ఒక ముఖ్య కారణం.

ఎముక రాయివంటిదని మనం అనుకుంటాం. నిజానికి అది ప్రాణం వున్న వస్తువు. అందులో పాత ఎముకను తవ్విపోసే కణాలు కొన్ని, కొత్త ఎముకను కట్టే కణాలు కొన్ని వున్నాయి. మనం నమిలినప్పుడల్లా పంటి మీది ఒత్తిడి దవడకు చేరుతుంది. ఇక్కడ ఎముకతో పని వున్నదని దవడకు అదే కబురన్నమాట. పన్ను పోతే కబురు ఆగిపోతుంది. అప్పుడు తవ్వే కణాలదే పైచెయ్యి అవుతుంది.

మరి ఎముక పోయినచోట ఏదైనా పెట్టి నింపకూడదా? ఈ ప్రయత్నం చాలా పాతది. 1892లోనే డ్రీస్‌మాన్ అనే జర్మన్ వైద్యుడు ఎముకలలోని గుంటలను ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో నింపి చూశాడు. కాని ఆ ప్లాస్టరు వారాలలోనే కరిగిపోతుంది. పోనీ, కరగని ప్లాస్టిక్కు పెడితే, శరీరం దాన్ని పరాయిదిగా చూసి చుట్టూ ఒక పొర అల్లి వేరుగా వుంచుతుంది. ఊరికి కొత్తగా వచ్చినవాడి చుట్టూ కంచె కట్టినట్టు!

1967లో అమెరికాలో లారీ హెంచ్ అనే ప్రొఫెసరు ఒక సభకు బస్సులో వెళుతున్నాడు. ఆయన ఫ్లారిడా విశ్వవిద్యాలయంలో గాజును గురించి పరిశోధన చేసేవాడు. పక్కన కూర్చున్న సైనికాధికారి వియత్నాం యుద్ధభూమి నుంచి తిరిగివచ్చినవాడు. గాయపడిన సైనికుల ప్రాణాలు నిలుపుతున్నాం గాని, కాళ్ళూ చేతులూ నిలపలేకపోతున్నాం అని అతను బాధపడ్డాడు. శరీరం తోసిపుచ్చని పదార్థాన్ని మీరు తయారుచేయలేరా అని అడిగాడు.

హెంచ్ ఆ మాట మరిచిపోలేదు. ఎముకలో కాల్షియం, ఫాస్ఫరస్ వుంటాయి గదా, అవి కలిసిన గాజు చేస్తే ఎలా వుంటుంది? కిటికీ గాజులో నూటికి 70 పాళ్ళకు పైగా ఇసుక పదార్థమే. హెంచ్ దాన్ని 45 పాళ్ళకు తగ్గించాడు. సోడా 24.5, సున్నం 24.5, ఫాస్ఫరస్ ఆక్సైడు 6 పాళ్ళు కలిపాడు. 1969లో ఆ గాజుముక్కలను ఎలుకల తొడ ఎముకలలో అమర్చారు. ఆరు వారాల తరవాత తీయబోతే అవి ఊడి రాలేదు! ఎముక వాటిని గట్టిగా పట్టుకుని వున్నది.

ఇది ఎలా జరిగింది? శరీరంలోని ద్రవం తగలగానే గాజు పైభాగం నుంచి సోడియం బయటికి పోతుంది. అక్కడ మెత్తని పొర ఏర్పడుతుంది. దాని మీద కాల్షియం, ఫాస్ఫేటు పేరుకుని, ఎముకలో వుండే ఖనిజం వంటిదే తయారవుతుంది. దాన్ని చూసి ఎముక కణాలు తమ ఇల్లే అనుకుని, వచ్చి పని మొదలుపెడతాయి.

చిగుళ్ళ జబ్బు వల్ల పంటి చుట్టూ ఎముక తినిపోయినచోట, 1993 నుంచి దంతవైద్యులు ఈ గాజు పొడిని వాడుతున్నారు. పన్ను తీసిన గుంటలో కూడా ఇటువంటివి నింపి, ఎముక మరీ తగ్గిపోకుండా చూస్తారు. శుద్ధిచేసిన ఆవు ఎముక ఖనిజం వంటి పదార్థాలు కూడా ఇందుకు వున్నాయి. ఎముక ఏర్పడటానికి నెలలు పడుతుంది. తరవాత అవసరమైతే అక్కడ కృత్రిమ దంతం నాటవచ్చు.

అయితే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మేస్త్రీ గోడ కట్టేటప్పుడు పరంజా వేసుకుంటాడు. గోడ కట్టేది పరంజా కాదు, మేస్త్రీ. ఈ గాజు కూడా పరంజావంటిదే. ఎముకను కట్టేది మన ఒంటిలోని కణాలే. పక్కన బతికివున్న ఎముక, నెత్తురు బాగా అందే చిగురు లేకపోతే ఎంత మంచి పదార్థమైనా పనిచేయదు. పొగ తాగేవాళ్ళకు ఈ చికిత్స అంతగా ఫలించకపోవటానికి కారణం ఇటువంటిదే.

పళ్ళ మీద గార పట్టనిస్తే చిగుళ్ళ జబ్బు వస్తుంది. అది మొదట్లో నొప్పి పెట్టదు. అందుచేత ఎముక తగ్గుతున్నట్టు ఎవరికీ తెలియదు. మీ ఇంట్లో పెద్దవాళ్ళకు పళ్ళు తోముకునేటప్పుడు నెత్తురు వస్తున్నదేమో ఇవాళే అడగండి. వస్తూ వుంటే దంతవైద్యుడికి చూపించుకునేదాకా వాళ్ళను వదలకండి. వున్న ఎముకను కాపాడుకోవటానికి గాజుపొడి అక్కరలేదు.