శాశ్వతం ఎవరికి?

జమీందారీలు పోయి మూడు తరాలు గడిచాయి. మందస, టెక్కలి, తర్లా అంటే నేటి కుర్రకారుకు పాత కోటలు, గుళ్లు తప్ప మరేమీ గుర్తుకు రావు. అయినా ఆనాటి శిస్తుల కథ ఈనాటి రైతు కూడా తెలుసుకోదగ్గదే.

1802లో ఈస్టిండియా కంపెనీ ఉత్తర సర్కారుల్లో శాశ్వత శిస్తు విధానం తెచ్చింది. జమీందారు ఏటా కట్టవలసిన పేష్కష్‌ను ఒక్కసారే ఖాయం చేసింది. పంట పండినా, ఎండినా అది పెరగదు, తరగదు. గడువుకు కట్టకపోతే జమీ వేలానికి వస్తుంది. పేష్కష్ తగవు ఎంతదాకా పోతుందో 1794లోనే పద్మనాభం యుద్ధం చూపింది. విజయనగరం రాజు ఆ యుద్ధంలో ప్రాణాలే కోల్పోయాడు.

ఆ విధంగా కంపెనీకి, జమీందారుకు మధ్య లెక్క తేలింది. జమీందారుకు రైతు ఎంత కట్టాలన్నది మాత్రం తేలలేదు. రైతుకు పట్టా ఇచ్చి ముచ్చిలిక తీసుకోవాలని అదే ఏడాది చట్టం చేశారు. బకాయిదారుల పంట జప్తు చేసే అధికారమూ అదే ఏడాది జమీందారుకు ఇచ్చారు. మొదటి చట్టం చాలాచోట్ల కాగితం మీదే ఉండిపోయింది. రెండోది రైతు కళ్లంలోకి నడిచి వచ్చింది. శిస్తుకు తోడు పుల్లరి, నజరానా, వెట్టి చేరాయి. చదువురాని రైతు చేతిలో రశీదు లేదు. దివాణం లెక్కే లెక్క!

జమీందార్లందరూ దుర్మార్గులని ఎవరూ అనరు. చెరువులు తవ్వించినవారు, బళ్లు పెట్టించినవారు వారిలో ఉన్నారు. తప్పు మనుషుల్లో కంటే ఏర్పాటులోనే ఎక్కువగా ఉంది. పైవాడి బాకీకి హద్దు గీసి, కిందివాడిని పైవాడి దయకు వదిలేసిన ఏర్పాటు అది.

ఆ దయ మీద ఆధారపడక రైతులే కదిలారు. 1908 చట్టంతో సాగులో ఉన్న భూమిపై వారికి హక్కు దక్కింది. ఇచ్ఛాపురంలో బయలుదేరిన రైతు యాత్ర 1938లో మద్రాసు చేరింది. భూమికి హక్కుదారు రైతేనని, శిస్తులు 1802 నాటి స్థాయికి తగ్గించాలని ప్రకాశం పంతులుగారి కమిటీ ఆ ఏడాదే చెప్పింది. అది చట్టం కాకముందే, 1939లో మంత్రివర్గం రాజీనామా చేసింది. మరుసటి ఏడు మందస ఎస్టేటు అడవిలో కట్టెల తగాదా పోలీసు కాల్పులకు దారితీసింది. గుడారి రాజమణిపురానికి చెందిన వీరగున్నమ్మ, మరికొందరు రైతులు ప్రాణాలర్పించారు. చివరకు 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. అడవులు, చెరువులు, బంజర్లు ప్రభుత్వపరమయ్యాయి.

జమీందారు పోయాడు. 1984లో కరణం, మునసబు కూడా పోయారు. కాని కాగితం ఎవరి చేతిలో ఉంటే భూమి వారిదన్న సంగతి పోలేదు. 2020లో మొదలైన రీసర్వేతో ఊరూరా కొత్త రికార్డులు తయారవుతూ వచ్చాయి. పూర్వపు ఎస్టేటు గ్రామాల్లో ఇనాములు, బంజర్లు, చెరువు గర్భాల తగాదాలు ముందే ఎక్కువ. అక్కడ ఒక్క అంకె తప్పు పడినా పేద రైతు ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరగవలసి వస్తుంది.

కనుక కొత్త రికార్డును ఖాయం చేసే ముందు గ్రామసభలో అందరికీ చదివి వినిపించాలి. అభ్యంతరం చెప్పిన రైతుకు రశీదు ఇవ్వాలి. చెరువులు, మేత బీళ్ల విస్తీర్ణం ఊరందరికీ కనబడేలా గోడ మీద రాయించాలి. రైతులు కూడా పెట్టెల్లోని పాత పట్టాలు, శిస్తు రశీదులు బయటికి తీసి సరిచూసుకోవాలి.

1802లో చట్టం ఉండి కూడా రైతుకు అక్కరకు రాలేదు. అడిగేవాడు లేకపోతే ఏ చట్టం గతైనా అంతే. శాశ్వతం అన్న మాట ఈసారైనా రైతు పక్షాన నిలబడాలి.