విద్యుత్తు నిలువకు రాయితీ మొదట నెవరికి?

ఇంటికప్పుపై సోలార్ పలకలు వేయించుకొందుమా యని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల రైతు సోదరులు పలువురు యోచించుచున్నారు. 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకముక్రింద ఒక కిలోవాటుకు 30,000, రెంటికి 60,000, మూడింటికిని ఆపైనను 78,000 రూపాయల సహాయము గలదు. ఇది పని ముగిసిన పిదప ఖాతాలో పడునదేగాని ముందుగా చేతికందునది కాదు.

అమ్మువారు చెప్పని సంగతి యొకటున్నది. ఈ పలకలు లైనుతో కలిసి పనిచేయునవి. కరెంటు పోయినంతనే ఇన్వర్టరు తానుగా ఆగిపోవును. స్తంభముపైనున్న లైన్‌మెన్ ప్రాణము కాపాడుటకే యీ యేర్పాటు. పైన ఎండ మండుచున్నను క్రింద పంకా తిరుగదు. తిరుగవలెనన్న బ్యాటరీయు, దానికి తగిన ఇన్వర్టరును వేఱుగా కొనవలెను. పథకపు రాయితీ పలకల కిలోవాట్లను బట్టియే గాని బ్యాటరీకి లేదు.

ఆస్ట్రేలియాలో 2025 జూలై 1వ తేదీన బ్యాటరీల వెలలో నూటికి సుమారు 30 వంతులు తగ్గించు పథకము మొదలైనది. మనకును అట్టిది కావలెనని కొందఱందురు. నేనును అందును, కాని మొదట ఇంటింటికి గాదు, సంఘముల ఉమ్మడి వసతులకు.

లెక్క చూడుడు. 12 వోల్టుల, 150 ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీలో 1,800 వాట్-గంటలుండును. సగమునకు మించి వాడిన త్వరగా చెడును గనుక 900 చేతికి వచ్చుననుకొందము. 70 వాట్ల పంకాలు రెండు, 10 వాట్ల దీపములు మూడు, వెరసి 170 వాట్లు, ఐదుగంటలు నడచును. సామాన్య గృహమున కిది చాలును. (వేళకు డిస్టిల్డ్ వాటర్ పోయువాడుండవలెను! ఆ లోపము రాయితీతో తీరదు.)

పాలకేంద్రము మాట వేఱు. వేసవి సాయంకాలపు పాలను 4 డిగ్రీలకు దింపకున్న పులిసిపోవును. అప్పుడు నష్టపోవువాడొక్కడు గాడు. ఒకటి రెండు గేదెలు గల యిండ్లన్నియు నష్టపోవును. కంప్రెసరును నడపు బ్యాటరీ వెల చిన్న సంఘము భరింపజాలదు. అందుచే డీజిలు కాల్చుచు నెట్టుకొని రావలసివచ్చును. ధాన్యపు కొనుగోలు దినములలో తూకపుయంత్రము, కంప్యూటరు ఆగినను ఇట్టి చిక్కే.

ఉమ్మడి సొత్తును చూచువాడుండడని కొందఱి యాక్షేపణ. నిజమే. కావున రాయితీ నంతయు నొక్కమారు ఇయ్యక, మూడవయేట బ్యాటరీ పనిచేయుచుండుట చూచి శేషము ఇయ్యవలెనని నా యభిప్రాయము.

సిరిసిల్లలో 1970 నాటినుండి విద్యుత్తునిచ్చునది వినియోగదారులే సభ్యులైన సహకార విద్యుత్ సరఫరా సంఘము. అచ్చటివారు తమ మహాజనసభలోనే తీర్మానము పెట్టవచ్చును. ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థ క్రిందనున్న జగిత్యాల, కోరుట్లవారు విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణలో అర్జీ నియ్యవచ్చును. నెలకెన్ని గంటలు కరెంటు పోయినది, ఎన్ని లీటర్ల పాలు చెడినవి, డీజిలుకెంత యైనది, ఈ మూడును సంఘపు పుస్తకములనుండి తీసి అందు వ్రాయవలెను.