వ్యవసాయ పీజీ: ఎవరికి పెట్టుబడి, ఎవరికి నిరీక్షణ?

నాలుగేళ్ల బీఎస్సీ వ్యవసాయం పూర్తి చేసిన ప్రతి విద్యార్థి ముందూ ఒక ప్రశ్న నిలుస్తుంది. మరో రెండేళ్లు వెచ్చించి పీజీ చేయాలా, లేక చేతిలో ఉన్న పట్టాతోనే పనిలోకి దిగాలా? స్థిరమైన ఆదాయమున్న కుటుంబాల్లో ఇది ప్రధానంగా చదువుకు సంబంధించిన ప్రశ్న. వర్షాధార భూమిని నమ్ముకున్న ఇంటి నుంచి వచ్చిన మొదటి తరం పట్టభద్రుడికి మాత్రం ఇది కుటుంబ ఆర్థిక స్థితిని ప్రభావితం చేసే నిర్ణయం. పీజీ విద్య మంచిదేనన్న సాధారణ సలహా అతనికి ఎంతమాత్రం ఉపకరించదు. ఏ పీజీ, ఏ వృత్తి కోసం, ఎంత ఖర్చుతో అన్నవి తేలితేనే అతడు నిర్ణయం తీసుకోగలడు. సంగారెడ్డి జిల్లా నాగల్‌గిద్ద వంటి మండలం నుంచి వచ్చే విద్యార్థిని దృష్టిలో ఉంచుకొని ఈ మూడు అంశాలను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

నాగల్‌గిద్ద నేపథ్యం

2016 అక్టోబరులో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు ఏర్పడిన మండలం నాగల్‌గిద్ద. నారాయణఖేడ్ రెవెన్యూ డివిజన్‌లో, కర్ణాటక సరిహద్దున ఉంది. వానాకాలంలో పత్తి, కంది, సోయాచిక్కుడు, పెసర, మినుము, యాసంగిలో జొన్న, శనగ ఈ ప్రాంతపు పంటలు. సింగూరు జలాలను ఎత్తిపోసే బసవేశ్వర పథకానికి 2022 ఫిబ్రవరిలో నారాయణఖేడ్‌లో శంకుస్థాపన జరిగింది. అయినా ఇక్కడి రైతు పంటల ప్రణాళిక నేటికీ ప్రధానంగా వానను బట్టే సాగుతుంది.

విజ్ఞాన సంస్థలు ఈ జిల్లాకు కొత్త కావు. పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ పనిచేస్తోంది. సంగారెడ్డి సమీపంలోని కంది గ్రామంలో వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల ఉంది. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యంలో కృషి విజ్ఞాన కేంద్రం నడుస్తోంది. సరిహద్దు దాటితే బీదర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. ఈ సంస్థల్లో పనిచేసే శాస్త్రవేత్తగానో నిపుణుడిగానో ఎదగాలంటే పీజీ తప్పనిసరి. అదే జిల్లాలో రైతు వద్దకు రోజూ వెళ్లే ఉద్యోగిగా పనిచేయాలంటే అవసరం లేదు. ఈ తేడా డిగ్రీ చదివే రోజుల్లో చాలామందికి స్పష్టంగా తెలియదు.

ఏ కొలువుకు ఏ అర్హత?

క్లస్టర్ స్థాయిలో పనిచేసే వ్యవసాయ విస్తరణ అధికారి పోస్టుకు రెండేళ్ల వ్యవసాయ డిప్లొమా సరిపోతుంది. మండల వ్యవసాయ అధికారి పోస్టుకు బీఎస్సీ వ్యవసాయం కావాలి. 2022 డిసెంబరులో రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ 148 వ్యవసాయ అధికారి పోస్టులకు ప్రకటన ఇచ్చినప్పుడు కూడా పీజీని అర్హతగా అడగలేదు. జాతీయ బ్యాంకులు నియమించే వ్యవసాయ క్షేత్రాధికారులకూ నాలుగేళ్ల డిగ్రీయే ప్రాతిపదిక.

పీజీ లేకుండా ముందుకు సాగని దారులు వేరు. కృషి విజ్ఞాన కేంద్రంలో విషయ నిపుణుడి పోస్టుకు ఆ విభాగంలో పీజీ ఉండాలి. అదే కేంద్రానికి అధిపతి కావాలంటే పీహెచ్‌డీ కావాలి. విశ్వవిద్యాలయంలో సహాయ ఆచార్యుడి పదవికి పీజీతో పాటు జాతీయ అర్హత పరీక్ష ఉత్తీర్ణత గానీ, పీహెచ్‌డీ గానీ అవసరం. విత్తన సంస్థల ప్రజనన విభాగాల్లో, పరిశోధన ప్రయోగశాలల్లో బాధ్యత గల స్థానం కోరేవారికీ పీజీ కనీస అర్హత వంటిదే.

దీన్నిబట్టి ఒక విషయం తేటతెల్లమవుతుంది. రైతుకు దగ్గరగా ఉండే కొలువుల్లో ఎక్కువ భాగం పీజీని కోరవు. పరిశోధన, బోధన, నిపుణ సలహా రంగాలు దాన్ని కోరుతాయి. పైగా వాటిలో చాలా స్థానాలకు పీజీ మొదటి మెట్టు మాత్రమే, ఆ తరువాత పీహెచ్‌డీ ఎదురుచూస్తుంటుంది. కాబట్టి పరిశోధన వైపు వెళ్లదలచిన విద్యార్థి రెండేళ్ల లెక్కతో ఆగకుండా ఐదారేళ్ల లెక్క వేసుకోవాలి.

రెండేళ్ల ధర

పీజీ ఖర్చు అనగానే బోధన రుసుము, వసతి గృహం, మెస్ బిల్లు గుర్తుకొస్తాయి. వాటికంటే పెద్ద ఖర్చు కంటికి కనిపించదు. అది ఆ రెండేళ్లలో వదులుకున్న సంపాదన. ఉదాహరణకు, నెలకు 25 వేల రూపాయల ఉద్యోగం దొరికే అవకాశాన్ని ఒక పట్టభద్రుడు వదులుకున్నాడనుకుందాం. 24 నెలలకు అది 6 లక్షల రూపాయలు. 2025-26 సంవత్సరానికి కేంద్రం ప్రకటించిన కంది మద్దతు ధర క్వింటాలుకు 8 వేల రూపాయలు. అంటే ఆ 6 లక్షలు 75 క్వింటాళ్ల కందులతో సమానం. ఎకరాకు 4 క్వింటాళ్ల చొప్పున వచ్చిందనుకున్నా, దాదాపు 19 ఎకరాల పంట. ఐదెకరాలున్న కుటుంబానికి ఇది ఇంచుమించు నాలుగేళ్ల కంది రాబడి. అదీ సాగు ఖర్చులు తీసివేయకముందు.

ఈ మొత్తం ఎప్పుడు తిరిగి వస్తుంది? పీజీ వల్ల జీతం నెలకు 10 వేల రూపాయలు పెరిగిందనుకుంటే, వదులుకున్న సంపాదన చేతికి రావడానికే 60 నెలలు పడుతుంది. పెరుగుదల 5 వేలే అయితే పదేళ్లు. జాతీయ ప్రవేశ పరీక్షలో ఉత్తమ ర్యాంకు సాధించి ఉపకార వేతనం పొందినవారికి ఈ భారం గణనీయంగా తగ్గుతుంది. ఉపకార వేతనం లేకుండా, అప్పు చేసి చదివేవారికి వడ్డీ రూపంలో పెరుగుతుంది. అంటే ఒకే తరగతి గదిలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరికి ఒకే పీజీ రెండు వేర్వేరు ధరలకు లభిస్తుంది. విద్యార్థి తోటివారి నిర్ణయాన్ని చూసి కాక, తన సొంత అంకెలతో ఈ లెక్క వేసుకోవాలి.

నిరీక్షణగా మారుతున్న చదువు

పీజీలో చేరేవారిలో పరిశోధనపై ఆసక్తితో వచ్చేవారు కొందరు. ఉద్యోగ ప్రకటన వెలువడే వరకు వసతి గృహంలో ఉండి పోటీ పరీక్షలకు సిద్ధం కావచ్చన్న ఆలోచనతో వచ్చేవారు మరికొందరు. రెండవ వర్గాన్ని తప్పుపట్టడం సులువు. కానీ నియామక ప్రకటనలు ఎప్పుడు వస్తాయో తెలియని వ్యవస్థలో, ఇంటికి తిరిగివెళ్తే ఖాళీగా ఉన్నాడన్న మాట పడవలసి వచ్చే యువకుడికి వసతి గృహం ఒక ఆశ్రయం. అమ్మాయిల విషయంలో ఆ ఆశ్రయానికి మరింత విలువ ఉంది. పీజీలో ఉన్నంతకాలం పెళ్లి ప్రస్తావన వాయిదా పడుతుంది. తన కాళ్లపై నిలబడేందుకు రెండేళ్ల వ్యవధి లభిస్తుంది. ఈ ప్రయోజనాన్ని రూపాయల్లో కొలవలేం గనుక లెక్కలోంచి తీసివేయడం న్యాయం కాదు.

అయితే నిరీక్షణ కోసం పీజీ సీటు వాడుకోవడంలో ఇరువైపులా నష్టముంది. మండలి సవరించిన పాఠ్య ప్రణాళిక ప్రకారం ఎమ్మెస్సీ వ్యవసాయంలో మొత్తం 70 క్రెడిట్లు. అందులో 30 పరిశోధన గ్రంథానికే. పోటీ పరీక్షల పుస్తకాలతో సమయం గడిపే విద్యార్థి చేతిలో ఈ 30 క్రెడిట్ల పని నామమాత్రమవుతుంది. ప్రయోగ క్షేత్రంలో ఒక మడి, మార్గదర్శకుని సమయం, ప్రయోగశాల వనరులు ఫలితమివ్వకుండా ఖర్చవుతాయి. విద్యార్థి వైపు నుంచి చూసినా, డిగ్రీతోనే రాయగల పరీక్ష కోసం పీజీ పనిభారాన్ని మోయడం వల్ల ఆ పరీక్షకూ పూర్తి సమయం కేటాయించలేకపోతాడు.

వ్యవసాయ వ్యాపార పీజీ ఎటు తీసుకెళ్తుంది?

వృత్తివిద్యగా ప్రత్యేకంగా రూపొందిన పీజీ వ్యవసాయ వ్యాపార యాజమాన్యం. ‘మేనేజ్’గా ప్రసిద్ధమైన జాతీయ వ్యవసాయ విస్తరణ యాజమాన్య సంస్థ 1987లో హైదరాబాద్‌లోని రాజేంద్రనగర్‌లో ఏర్పడింది. 1996 నుంచి అక్కడ ఈ రెండేళ్ల పీజీ డిప్లొమా నడుస్తోంది. వ్యవసాయ విశ్వవిద్యాలయాలూ ఎంబీఏ రూపంలో ఇటువంటి కోర్సులను అందిస్తున్నాయి. విత్తన, ఎరువుల, పురుగుమందుల సంస్థలు, బ్యాంకులు, ఆహార శుద్ధి పరిశ్రమలు ఈ పట్టభద్రులను నేరుగా ప్రాంగణం నుంచే తీసుకుంటాయి. ప్రముఖ సంస్థల్లో రుసుములు లక్షల్లో ఉన్నా, ఉద్యోగం వెంటనే లభిస్తే ఆ పెట్టుబడి త్వరగానే తీరుతుంది. కేవలం ఆర్థిక దృష్టితో చూస్తే, మంచి సంస్థలో సీటు వచ్చినవారికి ఇది సమంజసమైన ఎంపికే.

దాని పరిమితి మరొకచోట ఉంది. ఈ చదువు విద్యార్థిని నాగల్‌గిద్ద నుంచి దూరం తీసుకువెళ్తుంది. తిరిగి తీసుకొచ్చినా ఎక్కువగా అమ్మకాల లక్ష్యాలతో తీసుకొస్తుంది. వ్యాపార నైపుణ్యంతో సొంత ప్రాంతంలోనే నిలదొక్కుకోవాలనుకునే పట్టభద్రుడికి పీజీ లేకుండా మరో మార్గం ఉంది. 2002లో ప్రారంభమైన అగ్రి క్లినిక్‌లు, అగ్రి బిజినెస్ కేంద్రాల పథకం కింద 45 రోజుల ఉచిత శిక్షణ లభిస్తుంది. వ్యక్తిగత ప్రాజెక్టుకు 20 లక్షల రూపాయల వరకు బ్యాంకు రుణంపై 36 శాతం, మహిళలకు, ఎస్సీ, ఎస్టీ వర్గాలకు 44 శాతం రాయితీ వర్తిస్తుంది. పప్పు మిల్లు, భూసార పరీక్ష కేంద్రం, యంత్రాలను అద్దెకిచ్చే కేంద్రం, విత్తనోత్పత్తి వంటివి ఈ ప్రాంతానికి సరిపోయే వ్యాపారాలు. రుణం మంజూరులో బ్యాంకు శాఖల జాప్యం ఒక వాస్తవమే. అయినా రెండేళ్ల పీజీతో పోల్చి చూడవలసిన ప్రత్యామ్నాయాల్లో దీనికి చోటు ఉండాలి.

పీజీ నిజంగా విలువైనది ఎప్పుడు?

కంది పంటనే ఉదాహరణగా తీసుకుందాం. ఎండు తెగులు, వెర్రి తెగులు ఈ పంటను దశాబ్దాలుగా పీడిస్తున్నాయి. ఈ రెండింటినీ తట్టుకునే ‘ఆశ’ రకం 1993లో విడుదలైంది. కణద్రవ్య మగ వంధ్యత్వ వ్యవస్థపై ఆధారపడిన ‘మన్నెంకొండ కంది’ సంకర రకం 2015లో తెలంగాణలో విడుదలైంది. ఈ రెండింటి వెనుకా పటాన్‌చెరులో ఏళ్ల తరబడి సాగిన ప్రజనన పరిశోధన ఉంది. ఇటువంటి పనికి డిగ్రీ చదువు చాలదు. ఒక ప్రయోగాన్ని రూపొందించడం, పునరావృత మడులతో దాన్ని పరీక్షించడం, కనిపించిన తేడా నిజమైనదో యాదృచ్ఛికమో గణాంకాలతో నిర్ణయించడం, తన ఊహను తానే శంకించడం పీజీ నేర్పవలసిన విద్యలు.

విజ్ఞానానికి పట్టా ఒక్కటే మూలమని దీని అర్థం కాదు. జహీరాబాద్ ప్రాంతంలో చిరుధాన్యాల విత్తనాలను కాపాడిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల్లో అత్యధికులు బడి చదువు లేని దళిత రైతులు. వారి కృషికి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి లభించింది. పీజీ విద్యార్థి వారి అనుభవానికి జోడించగలిగేది కొలత, పోలిక, నిరూపణ. నల్లరేగడిలో పత్తి-కంది అంతర పంటకు ఏ నిష్పత్తి అనుకూలమో, గులాబి రంగు పురుగు ఉధృతిపై విత్తే తేదీ ప్రభావం ఎంతో నాగల్‌గిద్ద నేలలోనే తేల్చే పరిశోధన గ్రంథం వెలువడితే, ఆ రెండేళ్ల ప్రయోజనం విద్యార్థి ఇంటితో ఆగదు. అలాంటి సమస్య ఒకటి మనసులో ఉన్నవారికి పీజీ తప్పక చేయదగినది.

విశ్వవిద్యాలయాల బాధ్యత

నిర్ణయం విద్యార్థిదే అయినా, దానికి కావలసిన సమాచారం విశ్వవిద్యాలయాల వద్ద ఉంది. ప్రతి పీజీ విభాగం తన విద్యార్థులు పట్టా పొందిన మూడేళ్లకు ఏ పనిలో ఉన్నారో, అందులో ఎందరి ఉద్యోగానికి పీజీ అర్హత నిజంగా అవసరమైందో ఏటా ప్రకటించాలి. ప్రాంగణ నియామకాల అత్యధిక వేతనాన్ని చాటడం కంటే మధ్యస్థ వేతనాన్ని తెలపడం నిజాయితీ. చివరి సంవత్సరపు గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమం పీజీ దరఖాస్తుల సమయానికి దగ్గరగా ఉంటుంది కనుక, అర్హతల వివరణ, ఖర్చుల లెక్క అప్పుడే విద్యార్థికి అందాలి. రెండు మూడేళ్లు క్షేత్రంలో పనిచేసి తిరిగి వచ్చేవారికి పీజీ ప్రవేశాల్లో తగిన గుర్తింపు ఉండాలి. సమస్యను చూసివచ్చిన విద్యార్థి మెరుగైన పరిశోధన అంశాన్ని ఎంచుకుంటాడు. వర్షాధార సరిహద్దు మండలాల్లో రైతు క్షేత్రాలపై చేసే పరిశోధనకు ప్రయాణ, వసతి ఖర్చులు విభాగమే భరించాలి. లేకపోతే ప్రాంగణంలోని సాగునీటి మడుల్లోనే పరిశోధనలన్నీ ముగుస్తాయి.

దరఖాస్తు నింపే ముందు విద్యార్థి మూడు ప్రశ్నలకు కాగితంపై జవాబు రాసుకోవాలి. నేను కోరుతున్న కొలువు ప్రకటనలో పీజీ అని రాసి ఉందా? వదులుకునే సంపాదన ఎన్నేళ్లలో తిరిగి వస్తుంది? రెండేళ్లు వెంటాడదగిన సమస్య నా వద్ద ఉందా? మొదటి లేదా మూడవ ప్రశ్నకు అవునన్న జవాబు ఉండి, రెండవ ప్రశ్నకు ఇల్లు భరించగల అంకె వస్తే నిస్సంకోచంగా చేరవచ్చు. మొదటి, మూడవ ప్రశ్నలు రెండింటికీ లేదన్న జవాబే వస్తే ఈ ఏడాది ఆగడం మేలు. పీజీకి వయసు మీరిపోదు; పనిలో చేరి, రెండు పంటకాలాలు గమనించాక అదే ప్రశ్నను మళ్లీ వేసుకోవచ్చు.