కూత ఒక్కరిదేనా?

టీవీలో తెలుగు టైటాన్స్ కబడ్డీ చూస్తే నాకు కోపం వచ్చేది. 2023లో పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షలకు పైగా పెట్టి కొన్నారు. ఆ సీజన్‌లో 22 ఆటలకు రెండే గెలిచారు. ఆయన బాగానే ఆడినాడు. ఆయన అవుటై కూర్చుంటే పాయింట్లు తెచ్చేవాళ్ళేరీ? అది నేర్పేవాళ్ళ లోపమే అంటాను. 2025లో భరత్, విజయ్ మాలిక్ ఇద్దరూ కూతకు పోయినారు. జట్టు క్వాలిఫయర్ 2 దాకా వచ్చింది.

మన జట్టులోనూ అంతే. కూతకు ఎప్పుడూ ఒక్క అక్కే పోతాది. మేము పట్టేదానికే. మొన్న చంద్రగిరిలో అక్క అవుటైతే నన్ను పంపినారు. గీత దాటినాక కాళ్ళు ఆడలేదు. నేర్పితే కదా వచ్చేది! వార్డెన్ మేడం, ఆటల గంటలో అందరికీ కూత నేర్పించండి.

— 9వ తరగతి విద్యార్థిని