బ్యాటరీ మార్చే ముందు మీటరు పెట్టండి

పాత ట్రాక్టరు డైనమో విప్పి, బాగు చేసి, మళ్లీ బిగించిన వీడియో పెట్టాను. మీటరు వైర్లు ఎక్కడ పెట్టాలో అందులో చూడొచ్చు. ఇక్కడ మాత్రం నా అభిప్రాయం ఒకటి గట్టిగా చెప్పదలచుకున్నా. పొద్దున సెల్ఫ్ తిరగకపోతే నేరుగా బ్యాటరీ షాపుకి పోవద్దు. ముందు పది నిమిషాలు మీటరు పెట్టి చూస్కోండి, ఆ తర్వాతే జేబులో చెయ్యి పెట్టండి.

పాత డీజిల్ ట్రాక్టరు ఒకసారి స్టార్ట్ అయిందంటే నడవడానికి కరెంటు అక్కర్లేదు. డీజిల్ పంపుని ఇంజినే తిప్పుకుంటుంది. అందుకే ఛార్జింగ్ ఆగిపోయినా రోజంతా దున్నుతుంది, మనకేమీ తెలియదు. బ్యాటరీ మొత్తం దిగిపోయిన రోజే విషయం బయటపడుతుంది. అప్పుడు తప్పంతా బ్యాటరీ మీద పడుతుంది. కొత్తది వేస్తే నాలుగు రోజులు బాగానే తిరుగుతుంది, మళ్లీ అదే కథ. ఆకు పచ్చబడిందని మందు కొట్టడానికి పరుగెత్తకుండా వేరు దగ్గర చూడాలని మనం రోజూ చెప్పుకుంటాం కదా. బండికి కూడా అదే పద్ధతి.

మా 35 హెచ్‌పీ బండికి ఇలాగే అయింది. ఏడాది నిండని బ్యాటరీని చూసి “సెల్లు పోయింది, మార్చేయండి” అన్నారు. నేను మార్చలేదు. బయట ఛార్జింగ్ పెట్టించి, కొన్ని గంటలు ఆగి చూస్తే 12.6 వోల్టులు నిలబడింది. అంటే బ్యాటరీ ఛార్జింగ్ పట్టుకుంటోంది. బిగించి, ఇంజిన్ స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ సగం పెంచి మళ్లీ చూశాను. 14 దగ్గరికి రావాల్సింది 12.3 దగ్గరే ఉండి, మెల్లగా దిగుతోంది. ఆ రెండు అంకెలతోనే తేలిపోయింది, బ్యాటరీకి తిండే అందడం లేదని.

ఇక వెతకడంలో వరుస ముఖ్యం. ఖర్చు లేనివి ముందు, ఖర్చున్నవి తర్వాత.

మొదట బెల్టు. మధ్యలో బొటనవేలితో నొక్కితే సుమారు అర అంగుళం దిగాలి. అంచులు నున్నగా మెరుస్తుంటే జారుతున్నట్టే.

తర్వాత టెర్మినళ్లు, ఎర్త్ వైరు. మీటరు ఒక కొస బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకో కొస ఇంజిన్ బాడీ మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటి చూపిస్తే ఎర్త్ సరిగా లేదు. గీకి, శుభ్రం చేసి, గట్టిగా బిగిస్తే చాలు.

ఆ తర్వాతే డైనమో. మా రకం డైనమోకి డి, ఎఫ్ అని రెండు టెర్మినళ్లు ఉంటాయి. ఆ రెండు వైర్లు పీకి, రెండు టెర్మినళ్లనీ ఒక చిన్న వైరుతో కలిపి, మీటరుని అక్కడికీ బాడీకీ పెట్టాలి. ఇంజిన్ వేగం నెమ్మదిగా పెంచితే వోల్టేజి చకచకా ఎక్కాలి. 20 దాటనివ్వొద్దు. ఎక్కితే డైనమో మంచిదే, లోపం కటౌట్ పెట్టెలోనో వైరింగులోనో ఉంది. ఎక్కకపోతే డైనమో విప్పాలి.

మాది ఎక్కలేదు. విప్పితే కార్బన్ బ్రష్‌లు అరిగి మొక్కలు మిగిలాయి, కమ్యూటేటర్ నల్లబడి ఉంది. దమ్ము చేసేటప్పుడు ఎగిరే బురద నీళ్లు లోపలికి పోయిన గుర్తులు కూడా కనిపించాయి. కొత్త బ్రష్‌లు, బుష్ వేసి, కమ్యూటేటర్‌ని సన్నని గాజు కాగితంతో రుద్దాను. ఎమెరీ కాగితం వాడొద్దు, దాని రజను రాగి పలకల మధ్య ఇరుక్కుని షార్టు చేస్తుంది. బిగించాక 14.1 వచ్చింది. అయిన ఖర్చు కొత్త బ్యాటరీ ధరలో చిన్న ముక్క.

“డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టేయొచ్చు కదా” అంటారు చాలామంది. ఆర్మేచర్ కాలిపోయి ఉంటే నేనూ అదే చెప్తా. ఆల్టర్నేటర్ తక్కువ వేగంలోనూ ఛార్జ్ చేస్తుంది, కటౌట్ పెట్టె గోల ఉండదు. కానీ బ్రష్‌లు అరిగినంత మాత్రాన మొత్తం పీకి పారేయడం దండగ. మార్చేటట్టయితే బండి నెగటివ్ ఎర్తా, పాజిటివ్ ఎర్తా ముందు చూడాలి. పాత బండ్లలో రెండు రకాలూ ఉన్నాయి. ఛార్జింగ్ వైరు కూడా లావుది వేయాలి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి “ఛార్జింగ్ ఉందా” అని చూసే అలవాటు మానాలి. ఆల్టర్నేటర్ డయోడ్లు ఆ దెబ్బకే పోతాయి.

“ఏటవాలులో నిలిపి స్టార్ట్ చేసుకుంటున్నాం, గడిచిపోతోంది” అనేవాళ్లకి ఒక మాట. ఛార్జింగ్ లేని బండికి రాత్రిపూట లైట్లు కూడా ఉండవు. వడ్ల లోడుతో వెనక ఎర్ర లైటు లేకుండా రోడ్డెక్కిన ట్రాలీని వెనక నుంచి వచ్చే మోటార్ సైకిల్ వాడు దగ్గరికొచ్చేదాకా చూడలేడు. ఆ ప్రాణం ముందు బ్రష్‌ల ఖర్చెంత?

అప్పు తీరిపోయిన పాత ట్రాక్టరు చిన్న రైతుకి ఆస్తి. జీవామృతం డ్రమ్ములు మోయడానికి, పచ్చిరొట్ట కలియదున్నడానికి అది చాలు. బ్యాటరీలకు విసిగిపోయి దాన్ని పాత ఇనుముకి అమ్మి, కొత్త బండికి కిస్తీలు కట్టుకోవద్దని నా మాట. మీటరు కొన్ని వందల రూపాయలకే వస్తుంది, ఇంటికొకటి ఉండాలి. టూల్ బాక్స్ మూత లోపల పెయింటుతో రాసి పెట్టుకోండి: ఆగి ఉంటే 12.6, నడుస్తుంటే 13.8 నుంచి 14.4. 15 దాటినా ప్రమాదమే, బ్యాటరీ నీళ్లు మరిగిపోతాయి. నెలకోసారి ఆ అంకెలు సరిచూస్కోండి.