దాచిపెడితేనే ముప్పు

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా వెనక వాటాలో ఉండే ఆవిడ కొంగు చాటున ఓ కాగితం పట్టుకొచ్చింది. కొడుక్కి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది. స్వీట్లు పంచాల్సిన వేళ ఆవిడ మొహంలో నెత్తురుచుక్క లేదు.

"అక్కయ్యగారూ, ఇక్కడ ఏం రాయమంటారు?" అంది మెల్లగా.

అది అటెస్టేషన్ ఫారం. ఎప్పుడైనా అరెస్టయ్యారా, మీ మీద కేసు నడిచిందా, కోర్టు జరిమానా వేసిందా... అన్నీ ఇలాంటి ప్రశ్నలే. నాలుగేళ్ల కిందట ఆ అబ్బాయి తాగి బండి నడుపుతూ బందరు రోడ్డు మీద దొరికాడు. కోర్టులో జరిమానా కట్టాడు. తర్వాత వైద్యం చేయించుకుని, మానేసి మూడేళ్లయింది. "చలానా లాంటిదేగా, లేదని రాసెయ్" అన్నారట బంధువులు.

చాలా ఇళ్లల్లో ఇచ్చే సలహా ఇదే. కానీ ఇది చలానా కాదు. వంద మిల్లీలీటర్ల రక్తంలో మద్యం 30 మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను కింద నేరం. మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. 2019 సవరణతో ఆ జరిమానా పదివేలయింది. రోడ్డు మీద డబ్బు కట్టి తెగ్గొట్టుకునే వీల్లేదు, కోర్టుకు వెళ్లాల్సిందే. అంటే ఫారంలో అడిగిన "కోర్టు జరిమానా" ఇదే.

ఫారం పోలీసు వెరిఫికేషన్‌కు వెళుతుంది. అబద్ధం రాసినట్టు ఉద్యోగంలో చేరాక బయటపడ్డా తీసేయొచ్చని ఆ ఫారం మీదే అచ్చువేసి ఉంటుంది. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతులన్నీ విడమరిచి చెప్పింది. చిన్నపాటి కేసైతే దాచినా అధికారులు క్షమించవచ్చు. నిజం రాసినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలనీ లేదు. పోస్టు పెద్దదయ్యేకొద్దీ పరీక్షా గట్టిగానే ఉంటుంది. కానీ నిజం రాసినవాడి విషయంలో వాళ్లు చూసేది ఆ పాత తప్పు ఒక్కటే. దాచినవాడికి దానిమీద అబద్ధం కూడా తోడవుతుంది.

మరి వైద్యం మాటో? వైద్యం నేరం కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం తాగుడు వల్ల వచ్చే మానసిక స్థితులనూ జబ్బుగానే చూసింది, ఆ వివరాలు గోప్యంగా ఉంచాలంది. ఫారంలో అడిగింది కోర్టు సంగతులు; అడగనిది రాయకపోతే దాచినట్టు కాదు. కాకపోతే వైద్య పరీక్షలో డాక్టరు అడిగితే మాత్రం అబద్ధం చెప్పకూడదు.

అమెరికాలో రక్షణశాఖ రహస్యాలు చూసే ఉద్యోగాలకు 'సెక్యూరిటీ క్లియరెన్స్' కావాలి. అక్కడ పాత తాగుడు గురించి సూటిగానే అడుగుతారు. అయితే ఎన్నాళ్లయింది, వైద్యం పూర్తిచేశాడా, మానేశాడా అన్నవి అభ్యర్థికి మేలుచేసే అంశాలుగా లెక్కకొస్తాయి.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు ఇంట్లో తాగుడు సంగతి నలుగురిలో పెట్టారు. పరువు పోతుందని వాళ్లు అనుకోలేదు. మరుసటి ఏడే రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. మనమేమో ఇంకా కొంగు చాటునే దాస్తున్నాం.

"అవును అని రాయించమ్మా. తేదీ, కోర్టు, జరిమానా అన్నీ రాయించు. కోర్టు కాగితం నకలు జతచెయ్యి" అన్నాను.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత కొడుకుని కేకేసింది, పెన్ను తెమ్మని.