పాత సారథి, కొత్త పరీక్ష

పదవి వీడిన అనుభవజ్ఞుణ్ణి సంస్థ తిరిగి పిలిచినప్పుడు, పూర్వవైభవం కూడా ఆయన వెంట నడచి వస్తుందని మనం ఆశపడతాము. ఈ ఆశ ఎంతవరకు సమంజసం? ఇంగ్లండులోని లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్బు ఉదంతం ఇక్కడ స్మరణీయం.

కెన్నీ డాల్‌గ్లిష్ 1985లో ఆ క్లబ్బు మేనేజరై, 1986, 1988, 1990లలో లీగ్ విజేతగా నిలిపారు. 1989లో హిల్స్‌బరో మైదానంలో జనసమ్మర్దంలో నలిగిన అభిమానులలో మొత్తం 97 మంది అసువులు బాశారు. ఆయన మృతుల అంత్యక్రియలకు ఒకటి వెంట ఒకటిగా హాజరై, కుటుంబాలను ఓదార్చారు. మానసికంగా అలసి, 1991లో వైదొలగారు.

ఇరవై ఏళ్ల పిదప, 2011 జనవరిలో తిరిగి బాధ్యతలు స్వీకరించారు. 2012లో లీగ్ కప్పు లభించింది; కాని లీగులో జట్టు ఎనిమిదవ స్థానానికే పరిమితమైంది. ఆ మే నెలలోనే యాజమాన్యం ఆయనను తొలగించింది.

మమకారంతో పిలిచామా, సామర్థ్యం చూసి పిలిచామా అన్న ప్రశ్న అభిమానులకు తప్పలేదు. అయినా 2017లో మైదానంలోని ఒక ప్రేక్షకుల గ్యాలరీకి ఆయన పేరే పెట్టారు. పాయింట్ల పట్టిక వేరు, ఋణానుబంధం వేరు.

మన కార్యాలయాలకు తిరిగివచ్చే పెద్దల విషయంలోనూ ఈ వివేకమే శిరోధార్యమని మేము భావిస్తున్నాము. నేటి పనిని నేటి కొలతతోనే కొలుద్దాము. నిన్నటి మేలును మాత్రం మరువకుందాము.